కంప్యూటరుకు లేసు తొడిగిన పార్జియెమ్

జావాలో నిప్పులు కక్కే మెరపి కొండ పడమటి వాలులో ఉన్న మా ఊళ్లో బట్ట కట్టని వస్తువు లేదంటే ఆ ఘనత పార్జియెమ్‌దే. గ్యాసు బండకు గౌను, మంచినీళ్ల క్యానుకు కుచ్చుల లంగా, టీవీకి ముసుగు, ఫ్రిజ్ పిడికి చేతితొడుగు, అన్నీ ఆమె క్రోషా సూది నుంచి పుట్టినవే. చదివింది ఊరి బడిలోనే అయినా మహిళా సంఘానికి అధ్యక్షురాలైంది. అల్లికల పోటీల్లో చుట్టుపక్కల ఊళ్లన్నిటినీ ఓడించింది. ఊరి పెద్ద అయిన లురా గారి స్కూటరు అద్దాలకు సైతం టోపీలు అల్లింది. ఆ టోపీల వల్ల వెనక వచ్చే లారీ కనబడక ఆయన కాలువలో పడ్డాడు గానీ, టోపీలకు చిన్న మరకైనా అంటలేదు. ఆ సంగతి ఆమె ఇప్పటికీ చెబుతుంది.

ఊరి ఆఫీసులో కంప్యూటర్లు బతికేవి కావు. కొండ దగ్గినప్పుడల్లా బూడిద రాలడం, లోపలి ఫ్యాను దాన్ని పీల్చి పీల్చి గురక పెట్టి ఆగిపోవడం మామూలైపోయింది. అందుకని లురా గారు ఈసారి అసలు ఫ్యానే లేని పెట్టెను తెప్పించారు. నల్లటి పెట్టె, ఒళ్లంతా దువ్వెన పళ్లలాంటి లోహపు రేకులు. లోపలి వేడి ఆ రేకుల్లోకి పాకి దానంతటదే గాలిలో కలిసిపోతుందని, చప్పుడు చెయ్యదని, బూడిద పీల్చదని ముంతిలాన్ పట్నం నుంచి వచ్చిన మెకానిక్ అనుంగ్ చెప్పి వెళ్లాడు.

పార్జియెమ్ దాన్ని చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఏం లురా తమ్ముడూ, పక్కటెముకలు కనబడేలా నిలబెట్టావేం దీన్ని? పోటీ చూడ్డానికి జిల్లా పెద్ద గారి భార్య వస్తోంది. ఆవిడ ముందు ఇలా బట్టల్లేకుండానా?"

"అక్కా, అది యంత్రం."

"ఫ్రిజ్జేమన్నా మీ మేనమామా? దానికి తొడిగితే ఊరుకున్నావుగా."

పోటీ అంటే ఆదర్శ గ్రామాల పోటీ. ఈసారి ఊరికి బహుమతి రాకపోతే పదవి దిగిపోతానని సంఘం సమావేశంలో, అందరూ వేయించిన అరటికాయ ముక్కలు నములుతుండగా, పార్జియెమ్ తనంతట తానే ప్రకటించింది. వద్దులే అని ఎవరైనా అంటారనుకుంది. ఆమె ఆడపడుచు సుమినా ఇంకో ముక్క తీసుకుని, "మాటంటే మాటే వదినా" అంది. పదవి మీద సుమినాకు ఎప్పటినుంచో కన్ను.

అంచేత కంప్యూటరుకు గులాబీ రంగు చొక్కా తయారైంది. రెండు పొరల లేసు, లోపల మెత్తటి అస్తరు, మెడ దగ్గర బొందు. చూడముచ్చటగా ఉంది. మర్నాటి నుంచి కంప్యూటరు మూర్ఛపోవడం మొదలుపెట్టింది. పెళ్లి కాగితం కోసం వచ్చిన కుర్రాడి పేరు సగం అచ్చయి ఆగిపోయింది. సగం పేరుతో పిల్లనిస్తారో లేదోనని వాడు అక్కడే కూలబడ్డాడు. లురా గారు వీధి చివర మాంసం ముక్కలు కాల్చి అమ్మే ఆసామిని పిలిపించి, ఆ పొయ్యి విసనకర్రతోనే విసరమన్నారు. ఫ్యాను అక్కర్లేని యంత్రానికి ఓ మనిషి కూర్చుని విసురుతుంటే, ఆఫీసంతా కాల్చిన మాంసం వాసనేసి జనం ఆకలితో పెందలాడే ఇళ్లకు పోయారు.

చివరికి అనుంగ్‌కు కబురెళ్లింది. వాడు వచ్చి బొందు విప్పి, చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"పెద్దమ్మా, వేడి బయటికి పోవాల్సిన చోట స్వెట్టరు తొడిగారు."

"లేసు అంటారు దాన్ని. స్వెట్టరు కాదు."

"దానికి రెండూ ఒకటే. చుట్టూ గాలి ఆడాలి. కింద చల్లగాలి దూరాలి, పైన వేడిగాలి పోవాలి. అంతే దాని బతుకు."

"తీసెయ్యక్కా," అన్నారు లురా గారు.

చోద్యం చూడ్డానికి వచ్చిన సుమినా నవ్వు దాచుకోలేదు. పార్జియెమ్ చొక్కా చంకన పెట్టుకుని ఇంటికి వెళ్లి అరుగు మీద కూలబడింది. ఎదురుగా మొగుడి పందెం పుంజు వెదురు గంప కింద ఎండలో నిలబడి ఉంది. గంప సందుల్లోంచి గాలి కొట్టి దాని ఈకలు రెపరెపలాడుతున్నాయి. ఆమె కాసేపు దాన్నే చూసి లేచింది. పుంజును జామచెట్టుకు కట్టేసి గంపను ఆఫీసుకు ఎత్తుకుపోయింది.

గంపను నాలుగు ఇటుకల మీద ఎత్తి కంప్యూటరు మీద బోర్లించింది. రేకులకు ఎక్కడా తగలకుండా, గంప అంచుకు మాత్రం సన్నటి కుచ్చు కట్టింది. అనుంగ్ చుట్టూ తిరిగి చూసి, "ఇదైతే పర్లేదు" అన్నాడు. యంత్రం మునుపటికంటే చల్లబడిందని అతను మెచ్చుకున్నట్టు సాయంత్రానికి ఆమె ఊరంతా చెప్పొచ్చింది.

పోటీ రోజున జిల్లా పెద్ద గారి భార్యతో పాటు పశువుల శాఖ అధికారి ఒకాయన వచ్చాడు. కళ్లద్దాలు కారులో మరిచిపోయాడు. గంప ముందు వంగి నాలుకతో టక్ టక్ మనిపించాడు.

"పడుకున్నట్టుందే. మంచి నల్ల పుంజు. కూస్తుందా?"

అంత పెద్దమనిషిని పదిమందిలో కాదనడం మా వైపు మర్యాద కాదు. లురా గారు చేతులు కట్టుకుని, "చప్పుడే చెయ్యదండి" అన్నారు.

"మేత?"

"తక్కువేనండి. రోజంతా పనిచేస్తుంది."

"వేడికి తట్టుకుంటుందా?"

"ఇప్పుడు తట్టుకుంటోందండి."

పార్జియెమ్‌కు మనసు ఊరుకోలేదు. తన కష్టమంతా పుంజు ఖాతాలో పడిపోతోంది. నిజం చెప్పేద్దామని ఒక అడుగు ముందుకు వేసింది. అంతలో జిల్లా పెద్ద గారి భార్య కుచ్చు పట్టుకుని, "ఎవరిదమ్మా ఈ చేతిపని?" అంది.

"నాదేనండి," అంది పార్జియెమ్, అక్కడితో ఆగిపోయి.

వారం తిరిగేసరికి ఊరికి కప్పు వచ్చింది. పశుపోషణలో మూడో బహుమతి. అలంకరణకు రాలేదు కదా అని సుమినా గొణిగింది.

"బహుమతి అన్నాను. దేనికని అన్నానా?" అంది పార్జియెమ్.

పదవి నిలిచింది. పుంజుకు కొత్త గంప వచ్చింది. కప్పు ఇప్పుడు ఆఫీసు బీరువా మీద ఉంది, ఆ గులాబీ రంగు చొక్కాలో, బొందు బిగించి. కప్పుకు వేడెక్కే అలవాటు లేదు కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు.