మగ్రిబ్ వేళ మసీదు వాకిలి

నాకు నోరెక్కువని మా వీధి మొత్తానికీ తెలుసు. అందుకే గొడవ జరిగిన వారానికి పోలీసు స్టేషన్లో శాంతి సభ పెట్టినప్పుడు ఆడవాళ్ల తరఫున నన్ను పిలిచారు. పిలవకపోయినా పోయేదాన్నే. మా కిరాణా అంగడి మసీదుకు ఎదురుగానే ఉంది. మావాళ్ల ఊరేగింపు మసీదు ముందు ఆగిందీ, మాటామాటా పెరిగి రాళ్లు పడిందీ, షట్టర్లు దిగిందీ అన్నీ నా కళ్ల ముందే.

సభలో పోలీసు పెద్ద సారు లేచి "ఎల్లరూ శాంతియింద ఇరబేకు" అంటూ, అందరూ శాంతిగా ఉండాలని కన్నడంలో అరగంట చెప్పాడు. మావాళ్లు తలలూపారు, సాయిబులూ తలలూపారు. టీ, బిస్కెట్లు, ఫోటో అయిపోయాయి.

"అంతా బాగుండాది సార్. మసీదు వాకిట్లో సాయంత్రం పూట ఒక్క తల్లీ నిలబడటం లేదు, దానికేం చేస్తారు?" అని అడిగాను. ఆయన మా వైపు కొత్త. నేనేం అడుగుతున్నానో ఆయనకు అర్థం కాలేదు.

బళ్లారి పక్కన మా కంప్లి వైపు ఇది ఎప్పటినుంచో ఉన్నదే. బిడ్డ ఊరికే ఉలిక్కిపడుతున్నా, పాలు తాగకపోయినా, పొద్దుగూకే మగ్రిబ్ నమాజు వేళకు తల్లులు బిడ్డను చంకనేసుకొని, స్టీలు గ్లాసులో నీళ్లు పట్టుకొని మసీదు బయట నిలబడతారు. నమాజు ముగించుకొని వచ్చే మగవాళ్లు లోలోపల ఏదో చదువుకుంటూ బిడ్డ ముఖం మీదా, నీళ్లలోనూ ఊది పోతారు. నువ్వు ఎవరు, మీ దేవుడెవరు అని ఎవరూ అడగరు. నా కొడుక్కి ఐదేళ్లొచ్చేదాకా నేనూ ఊదించాను. అందరికంటే చివర వచ్చి, అందరికంటే ఎక్కువసేపు ఊదేది మా పక్క అంగట్లో గాజులమ్మే ముసలాయన.

గొడవ తర్వాత ఆయన నా వైపు తలెత్తి చూడటమే మానేశాడు. నేను ఊరుకుంటానా? పోయి గాజుల పెట్టె ముందు కూర్చున్నాను.

"ఏందన్నా, నా మీద కూడా కోపమా?"

"నీ మీద ఎందుకమ్మా కోపం?" అన్నాడు గాజులు సర్దుతూనే. "సెల్లులో నా వీడియో తిప్పుతాండారంట. బిడ్డకు ఊదేది తీసి, ఉమ్ముతాండాడు చూడండని రాసినారంట. ఇప్పుడు మసీదు పక్క సందులో చిన్న వాకిలి నుంచి పోతాండా. పెద్ద వాకిట్లో ఎవరన్నా బిడ్డనెత్తుకొని ఉంటే, ఊదాలంటే భయం, ఊదకుంటే పాపం."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి, ఆ పని చేసిన వెధవ ఎవడో తెలిస్తే చెప్పుతో కొడతానని అరుస్తుంటే, నా కొడుకు అన్నం ముందు నుంచి లేచాడు. కోడలు నేల చూపులు చూసింది.

"నువ్వు తీసినావా?" అన్నాను.

"నేను తీయలేదుమా. వస్తే పంపినా. అందరూ పంపినారు."

"అది ఎవరి ముఖమో నీకు తెలీలేదా?"

"తెలిసింది."

రాళ్లేసినవాళ్లను తిట్టాను, సారును ఎత్తిపొడిచాను, తీరా చూస్తే తప్పు నా ఇంట్లోనే ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. కానీ కూర్చొని ఏడ్చే రకం కాదు నేను. ఆ ముసలాయన పెద్ద వాకిట్లోంచి తలెత్తుకొని రాకపోతే ఎన్ని సభలు పెట్టినా మా వీధి కలవదని మాత్రం నాకు బాగా తెలుసు.

పొద్దున్నే పోయి ఆయనకు చెప్పాను. "ఈ పొద్దు నా మనవరాలొస్తాది. పెద్ద వాకిట్లోకే రా అన్నా."

సాయంత్రం ఎనిమిది నెలల మనవరాల్ని కొడుకు చేతిలో పెట్టి నడవమన్నాను.

"జనం చూస్తారుమా."

"చూడాలనే కదరా పోయేది!"

కోడలు గ్లాసుతో నీళ్లు తెచ్చి, తనూ చెప్పులేసుకుంది.

వాకిట్లో మేం తప్ప ఎవరూ లేరు. అంగళ్లవాళ్లంతా మమ్మల్నే చూస్తున్నారు. నమాజు ముగిసింది. బయటికొచ్చినవాళ్లు తలలు వంచుకొని పోయారు. ఒకాయన ఆగి, బిడ్డను చూసి, నా కొడుకును చూసి, వెళ్లిపోయాడు. పాప ఏడుపు మొదలుపెట్టింది. "పోదాంమా" అన్నాడు కొడుకు. "నిలబడు" అన్నాను. వస్తాడని నాకు నమ్మకం.

అందరూ పోయాక ముసలాయన పెద్ద వాకిట్లోంచే వచ్చాడు.

"తాతా, ఆ వీడియో నేనూ పంపినా" అన్నాడు నా కొడుకు. నేను నేర్పిన మాట కాదది.

ముసలాయన భుజం మీది తువ్వాలు తీసి పెదవులు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. నోరు పొడిగా ఉందని మాకు చూపించాలన్నట్టు మూడోసారి కూడా తుడుచుకున్నాడు. అప్పుడు పాప ముఖం మీద మెల్లగా ఊదాడు, నీళ్లలో ఊదాడు. పాప ఏడుపాపి ఆయన గడ్డం పట్టుకుంది.

నా కొడుకు తలెత్తలేదు.

"నీకూ ఊదల్లా ఏందప్పా?" అంటూ ఆయన, ఆ వంచిన తల మీద చెయ్యి పెట్టి ఊదాడు. ఈసారి పెదవులు తుడుచుకోలేదు.