బైండరు రుచి చూసిన సూపు

నవంబరు పదకొండు, మంగళవారం. గొడుగు విప్పితే నలుగురూ నవ్వేంత, విప్పకపోతే వారమంతా తుమ్మేంత తుంపర. ఆ ఉదయం మామగారిని ఆస్పత్రి నుంచి తీసుకువచ్చిన బైండరు, ముందుగదిలో బైండింగుకు వచ్చిన కోర్టు పుస్తకాల దొంతరలను గోడవారకు నెట్టి, ఆయనకు మంచం వేశాడు.

మామగారు రైల్వే స్టేషనులో ప్రకటనలు చదివి రిటైరైన మనిషి. పక్షవాతం ఆయన కాలును లాగింది, మింగే శక్తిని తగ్గించింది, కంఠస్వరం జోలికి మాత్రం పోలేదు. పలుచటిది ఏది పట్టినా పొలమారుతోంది. "తేనెలా చిక్కగా ఉండాలి. చెంచా వంచితే తెగకుండా జారాలి. శుక్రవారం వచ్చి చూస్తాను, అప్పటికీ మింగలేకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సిందే" అన్నాడు డాక్టరు. గొట్టం మాట విన్నప్పటి నుంచీ మామగారి చేయి తనకు తెలియకుండానే ముక్కును కాపలా కాస్తోంది.

మొదటి వంట ఆయన కూతురిది, అంటే బైండరు భార్యది. మరుగుతున్న కూరగాయల సూపులో పిండిని పొడిగానే గుమ్మరించింది. ఉండలు కట్టింది. మామగారు ఒక ఉండను నాలుకతో వెతికి పట్టుకుని, పళ్లెంలోకి దించి, గంభీరంగా ప్రకటించాడు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. సూపు పట్టాలు తప్పింది. అసౌకర్యానికి చింతిస్తున్నాము."

కూతురు కళ్లనీళ్లు పెట్టుకుంది. బైండరు గరిటె అందుకున్నాడు.

"ఇలా ఇవ్వు. పిండి ఉడికించడం నీకు వంట, నాకు వృత్తి."

ఇక్కడ కాస్త పక్కదారి పట్టక తప్పదు. "పలుచన" అన్న మాట మన భాషలో వంటకూ గౌరవానికీ ఒకే జీతం మీద పనిచేస్తుంది. సూపు పలుచనైతే మామగారికి దగ్గు వచ్చేది. అల్లుడు పలుచనైతే హాయిగా ఉండేది. పెళ్లినాటి నుంచీ "కాగితాలంటించుకునే" అన్న విశేషణం తగిలించకుండా అల్లుణ్ణి ఆయన ప్రస్తావించి ఎరుగడు. అందుచేత ఆ రోజు పొయ్యి మీద సూపుతోపాటు బైండరు పరువు కూడా ఉడుకుతోంది.

పిండిని చన్నీళ్లలో కలిపాడు, బట్టలో వడగట్టాడు, సన్నసెగ మీద దారంలా పోస్తూ ఒకే వైపు తిప్పాడు. ఒక్క ఉండ లేదు. అక్కడితో దించి ఉంటే ఈ కథే లేదు. కానీ మైదా బంకకు అతనికి తెలిసిన పరీక్ష ఒక్కటే: రెండు కాగితం ముక్కలను అంటించి లాగాలి, అతుకు ఊడకూడదు, కాగితమే చిరగాలి. సూపు అద్ది లాగాడు. ఊడివచ్చాయి. ఇంకాస్త పిండి. మళ్లీ ఊడివచ్చాయి. ఇంకాస్త. చివరికి కాగితం చిరిగింది. బైండరు ముఖం వెలిగింది.

మామగారు చెంచా ఎత్తబోతే దానితోపాటు గిన్నె లేచింది.

"ఏమండీ, మా నాన్నకి భోజనం పెడుతున్నారా, బైండింగు చేస్తున్నారా?" అంది భార్య.

"అతుకు చూశావా? నూరేళ్లు ఊడదు."

"ఆయన మింగాలండీ, అంటుకోకూడదు!"

"దయచేసి వినండి," అంది మంచం. "బండి ప్లాట్‌ఫారానికి అతుక్కుపోయింది."

బుధ, గురువారాలు ఇదే తంతు. బంగాళాదుంప మెదిపి కలిపినా, మొక్కజొన్న పిండి వాడినా, కాగితం చిరిగేదాకా అతను పొయ్యి కట్టేసేవాడు కాదు. వంటింటి గోడల నిండా సూపుతో అంటిన కాగితాలు. వాటిని చదవడానికి వచ్చినట్టు బారులు తీరిన చీమలు. మామగారు అరటిపండు గుజ్జుతో నెట్టుకొస్తున్నాడు, రోజురోజుకూ నీరసిస్తున్నాడు.

శుక్రవారం, డాక్టరు వచ్చే వేళకు, ఆయన మెల్లగా అడిగాడు.

"ఏమయ్యా అల్లుడూ, దీన్ని ఎప్పుడైనా రుచి చూశావా?"

తిరుగుతున్న గరిటె ఆగిపోయింది. పురుగు పట్టకుండా బంకలో మైలుతుత్తం కలుపుతారు, అది విషం. బంక ముట్టిన చేయి నోటి దగ్గరకు వెళ్లకూడదన్నది ఆ వృత్తిలో మొదటి పాఠం. అతను పేజీ తిప్పడానికైనా వేలు తడి చేసుకోడు. సూపులో విషం లేదని అతనికి తెలుసు. అతని చేతికే తెలియదు.

"గొట్టం వేసేది నాకయ్యా, నీకు కాదు. ఒక్క చుక్క." స్టేషనంతా మోగిన ఆ గొంతు ఈసారి ప్రకటించలేదు, బతిమాలింది.

కాగితం పరీక్షకు ముందే బైండరు పొయ్యి కట్టేశాడు. ముక్కు పట్టుకున్నాడు. "నాకేమైనా అయితే కోర్టువాళ్ల పుస్తకాలు వాళ్లకిచ్చెయ్" అని భార్యకు అప్పగింతలు పెట్టి, గరిటె నాకాడు.

"ఛీ! ఇందులో ఉప్పేదీ?"

"మీరు వేస్తేగా!"

"బంకలో ఉప్పెవరు వేస్తారే?"

ఉప్పు వేసి కలిపి, చెంచా ముంచి వంచాడు. సూపు తెగకుండా జారింది. అతని కళ్లు కాగితం ముక్కల కోసం వెతికాయి. భార్య వాటిని అప్పుడే చెత్తబుట్టలోకి ఊడ్చేసింది.

డాక్టరు గుమ్మంలో నిలబడి చూస్తుండగా మామగారు ఒక చెంచా మింగాడు. దగ్గలేదు. ఇంకోటి మింగాడు. చేయి ముక్కు మీది నుంచి దిగింది.

"ప్రయాణికులకు శుభవార్త. ఆలస్యంగా నడుస్తున్న సూపు క్షేమంగా గమ్యం చేరింది. బండి నడిపినవారు..." అని ఆగి, "మా అల్లుడుగారు" అన్నాడు. ముందు ఏ విశేషణమూ లేదు. డాక్టరు గొట్టాన్ని సంచిలోంచి తీయనేలేదు.

చాలా ఏళ్లకు, మామగారు కాలం చేసిన తరువాత, బైండరు ఒక గ్రంథాలయం పని మీద వేరే ఊరు వెళ్లి, అక్కడి నుంచి భార్యకు ఉత్తరం రాశాడు.

"పళ్లు పీకించుకున్నావని తెలిసింది. నేను వచ్చేదాకా సూపు తాగుతూ ఉండు. పిండి చన్నీళ్లలో కలుపు. మీ నాన్న లేరుగా, ఎవరు ప్రకటిస్తారులే అని పొడిగా గుమ్మరించకు. ఆయన గొంతు నాకు ఇక్కడిదాకా వినిపిస్తుంది. చెంచా నుంచి తెగకుండా జారగానే దించెయ్. ఈ కవరు విప్పడానికి తంటాలు పడే ఉంటావు. నిన్న మిగిలిన సూపుతో అంటించాను. ఉప్పు సరిపోయింది, చూశాను."