అన్న కారు జాకీ

దయ్యాలున్నాయని చెప్పేవాళ్లను నేను ముప్పై ఏళ్లు ఎగతాళి చేశాను. ఇల్లందులో బొగ్గు గని వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌ని. గనిలో పోయినవాళ్లు మళ్లీ కనిపిస్తారని తోటివాళ్లు చెప్పుకునేవాళ్లు. నాకు మాత్రం చప్పుడొస్తే ఎక్కడో బేరింగ్ పోయిందనే అర్థం. చర్చిలో కూర్చున్నా ఫ్యాన్ ఎందుకు ఊగుతోందా అనే చూసేవాణ్ణి. ఇప్పుడు రాసేది నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మా అన్న రత్నం దగ్గర నా వయసున్న కారొకటి ఉండేది. పాతదని తెలిసే కొన్నాడు, ప్రాణంగా చూసుకున్నాడు. పంతొమ్మిదేళ్ల క్రితం ఒక పెళ్లికి వెళ్తుంటే, ములకలపల్లి దాటాక అడవి రోడ్డులో వెనక టైరు పంక్చరైంది. అన్నతో వదిన తమ్ముడు సుధాకర్ ఒక్కడే ఉన్నాడు. జాకీ పెట్టి బండి లేపారు. చక్రం విప్పాక, సైలెన్సర్‌కు కట్టిన తీగ ఊడిందని అన్న కిందికి దూరాడు. బండి ఛాతీ మీదికి దిగింది.

సుధాకర్ అందరికీ ఒకటే మాట చెప్పాడు: "జాకీ దానంతట అదే దిగింది."

ఆ మాట నా మెడకు చుట్టుకుంది. అంతకు వారం ముందే ఆ జాకీని వర్క్‌షాప్‌లో విప్పి, అరిగిన వాషర్ తీసి కొత్తది వేసింది నేనే. సమాధి దగ్గర వదిన అందరి ముందూ, "నీ చేతిపనే నా మొగుణ్ణి మింగింది" అన్నది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. నేను వెళ్తే లేచి లోపలి గదిలోకి పోయేది.

సుధాకర్ మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోయాడు. పెళ్లి కూడా చేసుకోలేదు. అన్న కూతురు మెర్సీని బడికి తీసుకెళ్లడం దగ్గర్నుంచి చదివించి ఉద్యోగంలో చేర్పించేదాకా అన్నీ అతనే చూశాడు. నేను పరాయివాణ్ణయ్యాను, అతను ఇంటి పెద్ద అయ్యాడు. నాకు కుళ్లు లేదని అబద్ధం చెప్పను.

రిటైరయ్యాక ఖమ్మంలో ఖానాపురం హవేలి వైపు ఇల్లు కట్టుకున్నాను. పోయిన ఏడాది ఒక ఆదివారం మెర్సీ గోనెసంచి పట్టుకుని వచ్చింది. ఖమ్మంలోనే ఒక దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తోంది.

"బాబాయ్, నాన్న బండిని మళ్ల నడిపియ్యాలని ఉంది. ఇంజన్ పనికి మెకానిక్ దొరికిండు. గిసొంటి జాకీ మాత్రం కొత్తది ఏడా దొరుకుతలేదు. దీన్ని నువ్వే బాగుచెయ్యాలె."

సంచిలో ఏముందో చూడకుండానే తెలిసింది. "మీ అమ్మకు తెలుసా?" అన్నాను.

"తెల్వదు."

రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు. మూడో రోజు డీజిల్‌లో నానబెట్టాను. నిలువు గొట్టం, లోపల పొడవాటి స్క్రూ, బండి అడుగున ఇమిడేలా పక్కకు ఒక చెయ్యి, అంతే దాని నిర్మాణం. పైన హ్యాండిల్ తగిలించి తిప్పితే చెయ్యి లేస్తుంది. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. వారం పట్టింది విప్పడానికి. స్క్రూ బయటికి తీసి వైరు బ్రష్‌తో రుద్ది, వెలుతురులో పెట్టి చూశాను.

స్క్రూ మీది మరలు ఒక్కటి కూడా అరగలేదు. నేను వేసిన వాషర్ వేసినట్టే ఉంది.

నూనె జాకీ అయితే లీకై దిగవచ్చు. మరలు బాగుంటే స్క్రూ జాకీ అలా దిగదు. ఎంత బరువున్నా, హ్యాండిల్ పెట్టి వెనక్కి తిప్పితేనే దిగుతుంది. పద్దెనిమిదేళ్లు నా చేతులను నేనే అనుమానించుకున్నాను. ఆ మధ్యాహ్నం షెడ్డులో కూర్చుని పెద్దగా ఏడ్చాను. ఏడుపు ఆగాక నాకు గుర్తొచ్చింది అన్న కాదు, సుధాకర్.

గ్రీజు పెట్టి, నల్లరంగు వేసి, జాకీ తీసుకుని మెర్సీతో కలిసి ఇల్లందులో వదిన ఇంటికి వెళ్లాను. వదిన ఎదుటే బల్ల మీద పెట్టాను.

"తిప్పనిదే ఇది దిగదు. ఆ దినం హ్యాండిల్ ఎవల చేతుల ఉండె, సుధాకర్?"

అతను జాకీ వైపు చూడలేదు. అక్కనే చూశాడు. "నేను తిప్పలే బావా. దానంతట అదే దిగింది. నా కండ్లతోని జూసిన."

వదిన తమ్ముడితో, "లేచి పో" అన్నది. మెర్సీ అడ్డం పడబోతే చేయి పట్టి ఆపింది. అతను రెండు జతల బట్టలు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. పద్దెనిమిదేళ్ల తర్వాత వదిన నాకు చాయ్ ఇచ్చింది. తాగాను. బాగుందని కూడా చెప్పాను.

మూడు వారాలకు ఇంజన్ పని పూర్తయి, మెర్సీ బండిని మా ఇంటికి తెచ్చింది. పగలు పన్నెండు గంటలు, ఎండ దంచుతోంది. నాలుగు చక్రాలూ ఉన్నాయి. బరువు ఆపుతుందో లేదో చూద్దామని నేను జాకీ పెట్టి ఎడమ వైపు జానెడు ఎత్తు లేపి, హ్యాండిల్ తీసి మెర్సీ చేతికిచ్చాను. ఇద్దరం నాలుగడుగుల దూరంలో నిలబడ్డాం.

చిన్న కిర్రుమనే చప్పుడు. స్క్రూ తల తిరుగుతోంది. సగం చుట్టు తిరిగి ఆగింది. మళ్లీ సగం చుట్టు, మళ్లీ ఆగింది. హ్యాండిల్ మీద పట్టు మార్చుకుంటూ మనిషి తిప్పినట్టే. బండి జారలేదు, పడలేదు. నెమ్మదిగా దిగి టైర్ల మీద కూర్చుంది.

హ్యాండిల్ మెర్సీ చేతిలోనే ఉంది.

"మామ గిట్లనే చెప్పిండు గదా బాబాయ్," అన్నది.

మళ్లీ లేపాను. దిగలేదు. నేల వాలు చూశాను, స్క్రూ విప్పి చూశాను, మర్నాటి దాకా బండి బరువు దాని మీదే ఉంచి కొలత పెట్టాను. వెంట్రుకవాసి కదల్లేదు. తర్వాత ఎప్పుడూ కదల్లేదు.

సుధాకర్ ములకలపల్లిలో ఒక ఎరువుల దుకాణంలో పనికి కుదిరాడని తెలిసి వెళ్లాం. బస్తాలు దించుతున్నాడు. చూసింది చూసినట్టు చెప్పి, తప్పైపోయిందన్నాను. అతనికి కోపం కూడా రాలేదు.

"నేను జూసినంటె అబద్ధం. నువ్వు జూసినవ్ గాబట్టి నిజమైంది. అంతేగద బావా?"

మెర్సీ ఏడుస్తూ ఇంటికి రమ్మన్నది. ఆమె తల మీద చెయ్యి పెట్టి, "అక్క పొమ్మన్నది బిడ్డా. అక్క రమ్మంటె వస్త" అని మళ్లీ బస్తా ఎత్తుకున్నాడు.

అక్కణ్నుంచి నేరుగా వదిన దగ్గరికి వెళ్లి చెప్పాం. మొత్తం విన్నది. "మొన్న తిప్పనిదే దిగదంటివి. ఇయ్యాల అదే దిగిందంటున్నవ్. ఏ మాట మీద నిలబడతవ్ నువ్వు?" అని లేచి లోపలి గదిలోకి పోయింది. మెర్సీ చెప్పినా వినలేదు. తమ్ముణ్ణి ఈ రోజుకీ పిలవలేదు.

నాతో పనిచేసిన పాత ఫిట్టర్లకు చెబితే నవ్వారు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ నవ్వేవాణ్ణి. ఆ స్క్రూ ఎలా తిరిగిందో నాకు తెలియదు. తెలుస్తుందన్న ఆశ కూడా లేదు. సుధాకర్‌ను ఆ ఇంట్లోంచి పంపింది మాత్రం ఏ దయ్యమూ కాదు, నేనే.