ఒక్క మాట కూడా తీయొద్దన్నాను

పోయిన గురువారం లంచ్ టైమ్‌లో, మా స్టాఫ్‌రూమ్‌లో పదిమంది ముందు నా పరువు పోయింది. తీసింది ఎవరో కాదు, నేనే. అదీ ఆ పూట నోరు విప్పకుండా. ఎలాగో చెబుతాను, టీ తాగుతూ వినండి.

మా స్కూలు కోరుకొండ రోడ్డులో ఉంది. నేను సోషల్ చెబుతాను. లెక్కలు చెప్పేది గంగరాజు మాస్టారు. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతారు. భార్య పోయి చాన్నాళ్ళయింది, ఒక్కరే ఉంటారు. ఆయన బ్యాగ్‌లో క్యారేజీ పక్కన చిన్న రేడియో ఉంటుంది. అందులో ప్రభుత్వ రేడియో తప్ప ఇంకోటి పెట్టరు. పెట్టి ఊరుకోరు కూడా, వారానికో ఉత్తరం రాస్తారు వాళ్ళకి.

ఈ మధ్య అందరూ అంటున్నారు కదా, ప్రభుత్వ రేడియోకీ టీవీకీ మన పన్నుల డబ్బు ఎందుకు పొయ్యాలని. మా స్టాఫ్‌రూమ్‌లోనూ రోజూ అదే వాదన. నేనో వైపు, ఆయనో వైపు.

"గవర్నమెంటు డబ్బుతో నడిచేది గవర్నమెంటు పాటే పాడుతుందండీ" అంటాను నేను.

"మరి ప్రకటనల డబ్బుతో నడిచేది ఎవరి పాట పాడుతుందండీ?" అంటారాయన.

మంచి ప్రశ్నే. కానీ ఆయన గొంతు చిన్నది. రెండో వాక్యానికి వచ్చేలోపు ఎవరో ఒకరు అందుకుంటారు. ఎక్కువసార్లు అది నేనే.

ఇంతలో రేడియో వాళ్ళే ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. ప్రభుత్వ రేడియో మనకింకా కావాలా వద్దా అని జనాన్ని అడుగుతారు. కావాలనేవాళ్ళు చాలామంది దొరికారట, వద్దనేవాళ్ళు మాట్లాడ్డానికి రావట్లేదట. గంగరాజు మాస్టారు నా పేరిచ్చారు.

"మీరైతే మొహమాటం లేకుండా అడుగుతారండీ. వాళ్ళూ వినాలి కదా" అన్నారు.

ప్రసాద్ గారని, ఆ కార్యక్రమం చేసే ఆయన, శనివారం మా ఇంటికే వచ్చారు. రికార్డర్ టీపాయ్ మీద పెట్టారు. నేను ముందే షరతు పెట్టాను.

"మిమ్మల్నే తిడతానండి. ఒక్క మాట కూడా తీయకూడదు. తీశారంటే మీకు పక్షపాతం ఉందని నేనన్నది రుజువైనట్టే."

"తీయమండి" అన్నారాయన, నవ్వుతూ.

ఇక మొదలుపెట్టాను. గోదావరికి వరదొస్తే మంత్రిగారి పర్యటన ముందు చెప్పి, నీటిమట్టం తర్వాత చెబుతారన్నాను. పాటకీ పాటకీ మధ్య ఖాళీ వస్తే, సెట్టు పాడయిందేమోనని జనం తట్టి చూసుకుంటారన్నాను. ఆ డబ్బేదో పెట్టి బడులకి బెంచీలు కొనొచ్చన్నాను. ఆయన అన్నిటికీ తలూపారు. అయ్యాక "థాంక్యూ మేడమ్" అన్నారు. నేను టీ తెచ్చాను.

టీ తాగుతూ ఆయన మామూలుగా అడిగారు, "మీరు ఏ టైమ్‌లో వింటారండి?"

"నిజం చెప్పాలంటే నేను విని పదేళ్ళవుతుందండి" అన్నాను. అక్కడితో ఆగినా బావుండేది. "మా స్టాఫ్‌లో వినేది గంగరాజు మాస్టారొక్కరే. ఆయనేమో మిమ్మల్ని వింటారు, ఆయన్ని మాత్రం ఎవరూ వినరు."

ఎంత బాగా అన్నానో అనుకున్నాను కూడా. ప్రసాద్ గారు కొంచెం నవ్వి, కప్పు కింద పెట్టి, రికార్డర్ తీసుకుని వెళ్ళిపోయారు.

గురువారం గంగరాజు మాస్టారు అందరినీ కూర్చోబెట్టారు. రేడియో టేబుల్ మధ్యలో పెట్టి, ఏరియల్ కిటికీ వైపు తిప్పి, "సునీత గారు వస్తున్నారు, కాస్త మాట్లాడకండి" అన్నారు. ఆయన చెబితే స్టాఫ్‌రూమ్ మొత్తం ఊరుకోవడం నేను చూడ్డం అదే మొదటిసారి.

వచ్చాను. వరద, పాటలు, బెంచీలు, ఒక్క మాట పోకుండా వచ్చాయి. హెడ్మాస్టర్ గారు నావైపు చూసి మెచ్చుకోలుగా తలూపారు. థాంక్యూ మేడమ్ కూడా వచ్చింది. తర్వాత కప్పుల చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు మా ఇంటి కప్పులదని పోల్చుకునేసరికి ఆలస్యమైపోయింది.

పదేళ్ళ మాటకి అందరూ నవ్వారు. ఆ తర్వాతి మాటకి ఎవరూ నవ్వలేదు. గంగరాజు మాస్టారు కార్యక్రమం చివరిదాకా విన్నారు. రేడియో కట్టేసి, క్యారేజీ మూత పెట్టుకుని, క్లాసుకి వెళ్ళిపోయారు. పెరుగన్నం సగం అలాగే ఉంది.

లాస్ట్ బెల్లయ్యాక వరండాలో పట్టుకున్నాను. "మాస్టారూ, తప్పయిపోయిందండి. అది రికార్డవుతోందని నాకు తెలీదు."

"తెలిస్తే అనేవారు కాదులెండి" అన్నారు. కోపంగా కాదు, లెక్క సరిచూసినట్టు అన్నారు. "మీరన్నది నిజమేనండి. ఇక్కడ నా మాట ఎవరూ వినరనే కదా అక్కడికి ఉత్తరాలు రాసేది. వాళ్ళు పేరు చదివి, ఊరు చదివి, మొత్తం చదువుతారు. మధ్యలో ఎవరూ అందుకోరు."

ఆయన వెనకే సైకిల్ దాకా నడిచాను.

సైకిల్ స్టాండ్ తీస్తూ మళ్ళీ అన్నారు, "ఒక్కటి మాత్రం తప్పు చెప్పారండి. ఈ మధ్య వరదలప్పుడు నీటిమట్టమే ముందు చెబుతున్నారు."

నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ప్రసాద్ గారికి ఫోన్ చేశాను. ఆయన నిజంగా బాధపడ్డారు.

"ఎడిటింగ్ చూసే ఆయన రిటైరయ్యాక ఆ పోస్టు నింపలేదండి. రికార్డింగూ నేనే, ఎడిటింగూ నేనే. ఆ రోజు పోలవరంలో రైతుల రికార్డింగ్ ఉందని పరుగు మీదున్నాను. ఎలాగూ ఒక్క మాట తీయొద్దన్నారు కదాని ఫైలు అలాగే పంపేశాను. క్షమించండి."

"పర్లేదండి, అయిపోయిందిగా" అన్నాను, పెద్దమనసుతో.

"అవలేదండి. ఆదివారం మళ్ళీ వేస్తున్నాం. గంగరాజు గారు నిన్న సాయంత్రమే ఫోన్ చేసి అడిగారు. తమని తిట్టిన మాటలు కూడా ఇంత నిజాయితీగా వినిపించే రేడియో ఇంకోటి లేదు, అందరూ వినాలి అన్నారు."

"అయితే ఆ చివరి ముక్క తీసేయండి. ఆయన కోసమేనండి."

"ఆయన్ని అడిగామండి. ఉంచమన్నారు." ఆపైన ఎంతో మర్యాదగా అడిగారు, "ఒకసారి ప్రసారమైనదాంట్లో ఏదైనా తీయాలంటే కారణం రాసి పైకి పంపాలి మేడమ్. మమ్మల్ని తిట్టినవన్నీ ఉంచి, మీరు ఇబ్బంది పడేది మాత్రం తీసేయమన్నారని రాయమంటారా?"

చాలాసేపు ఆలోచించి, ఉండనివ్వండి లెండి అన్నాను.

ఆదివారం పొద్దున్న ఏడున్నరకి వస్తుంది. ఆ టైముకి మీకు వేరే పనుంటే అదే చూసుకోండి, నేనేమీ అనుకోను.