లాండ్రీ నేల కింద చప్పుడు

ఆమెకు ఎడమ చెవి వినపడదు. పసితనంలో వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆ చెవిని కూడా వెంట తీసుకుపోయింది. అలాంటి మనిషి పెద్దయ్యాక విశ్వవిద్యాలయంలో చేరి, నేలలో పూడ్చిన నీటిగొట్టాలు ఎక్కడ కారుతున్నాయో విని చెప్పే పని చేస్తోందంటే మొదట్లో ఎవరూ నమ్మేవారు కాదు.

"రెండు చెవులూ ఉన్న నాకే మీ అక్క మాటలు సగం వినపడవు. ఒక్క చెవితో నువ్వు భూమి లోపలి సంగతులు వింటావా?" అని బావ ఆటపట్టించేవాడు.

"నీకు వినపడక కాదు బావా. వినకపోయినా రోజు గడిచిపోతోంది కదా, అందుకు" అని ఆమె చురక అంటించేది. అక్క పక్కనుంచి పకపకా నవ్వేది.

ఆమె పని చూడ్డానికి చాలా మామూలుగా ఉండేది. పొడవాటి ఉక్కు కడ్డీ ఒకటి, దానికి తగిలించిన చిన్న యంత్రం, తల మీద హెడ్‌ఫోన్లు. వీధి మొదట్లో మొదలుపెట్టి కడ్డీని నేలకు ఆనిస్తూ చివరిదాకా నడిచేది. నీళ్ళు గొట్టంలోంచి చీల్చుకుని బయటకొచ్చేచోట సన్నగా ఈల వేసినట్టు ఒక రొద ఉంటుంది. దగ్గరకు వెళ్ళేకొద్దీ పెరుగుతుంది, దాటిపోతే తగ్గుతుంది. చప్పుడు ఏ వైపునుంచి వస్తోందో చెప్పాలంటే రెండు చెవులు కావాలి గానీ, పెరుగుతోందా తగ్గుతోందా అని తేల్చుకోవడానికి ఒకటి చాలు. ఊళ్ళో జనం ఆమెకు "లీకుల మేడం" అని పేరు పెట్టేశారు.

ఊరికి నీళ్ళు చాలడం లేదు. ఎక్కడో దూరాన ఉన్న చెరువునుంచి కొత్త గొట్టం వేయించాలని పురపాలక సంఘం ఆరాటపడుతోంది. విశ్వవిద్యాలయంలో ఆమె పైనున్న ప్రొఫెసర్ మాత్రం, ముందు కారిపోతున్న నీళ్ళను ఆపండి, వాడిన నీళ్ళను మళ్ళీ వాడుకోండి, అప్పటికీ చాలకపోతే చెరువు సంగతి చూద్దాం అని వాదించాడు. ఆ మాట నిజమని చూపించడానికే ఈ పరిశోధన. వీధుల్లో లీకులు పట్టడం ఒక సగం. నీళ్ళు ఎక్కువగా తాగే వ్యాపారాల చేత పొదుపు చేయించడం రెండో సగం.

రెండో సగానికి ఒక్క వ్యాపారీ ముందుకు రాలేదు. చివరికి బావ ఒప్పుకున్నాడు. ఆయనది పెద్ద లాండ్రీ. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు కట్టలు కట్టలుగా వచ్చిపడేవి. ఆఖరిసారి జాడించిన నీళ్ళు దాదాపు శుభ్రంగానే ఉంటాయి కాబట్టి, వాటిని వడకట్టి తర్వాతి వాయికి మొదటి ఉతుకులో వాడొచ్చని ఆమె ఆలోచన.

"మరదలు అడిగితే కాదంటానా? కానీ బట్టలు తెల్లగా రాలేదనుకో, నిన్ను ఉతికి ఆరేస్తా" అన్నాడు బావ.

లాండ్రీ వెనకమూల ఆమె తొట్టి కట్టించింది, వడపోత పెట్టించింది, పంపు బిగించింది. బట్టలు తెల్లగానే వచ్చాయి. నీళ్ళ వాడకం బాగా తగ్గింది. ఇక చూడాలి బావ హడావిడి! బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళందరినీ చెయ్యిపట్టుకుని వెనకమూలకు లాక్కెళ్ళి "మా మరదలు పెట్టింది" అని పంపు చూపించేవాడు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా ఆ వీధిలో నీళ్ళ ధార సన్నగిల్లడం మొదలైంది. వీధి మొదట్లో ఆమె బిగించిన మీటరు చూస్తే లోపలికి వెళ్ళే నీళ్ళకూ, దుకాణాలూ ఇళ్ళూ వాడే నీళ్ళకూ పొంతనే లేదు. ఎక్కడో పెద్ద లీకు ఉంది. కడ్డీ పట్టుకుని బయల్దేరింది. లాండ్రీకి ఎదురుగా ఉన్న చెప్పుల దుకాణం ముందు రొద బాగా వినిపించింది. "ఇక్కడ తవ్వండి" అని చెప్పింది.

ఊరి నీటి సరఫరా చూసే ఇంజనీరు మనుషుల్ని పెట్టి తవ్వించాడు. పొడి మట్టి. ఇంకాస్త వెడల్పుగా తవ్వించాడు. అదీ పొడే. గొట్టం చెక్కుచెదరకుండా కనిపించింది. వీధంతా మట్టిదిబ్బలయ్యాయి, బండ్లు ఆగిపోయాయి, దుకాణాల్లోకి దుమ్ము కొట్టింది. చెప్పుల దుకాణం ఆయన నోటికొచ్చినట్టు తిట్టాడు. ఇంజనీరు తిట్టలేదు గానీ అంతకంటే ఘాటుగా అన్నాడు.

"మీ పరిశోధనలకి నా వీధే దొరికిందా మేడం? ఇకమీద తవ్వాలంటే మీ ప్రొఫెసర్‌తో పార కూడా పంపించండి."

తల కొట్టేసినట్టయింది ఆమెకు. మర్నాడు ప్రొఫెసర్ గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "ఆ వీధిని వదిలెయ్యమ్మా. చెరువు సంగతి తేల్చే సమావేశం దగ్గరపడింది. ఇంకోసారి పొరపాటు జరిగిందంటే మన మాట ఎవడూ వినడు."

ఆమె తలూపింది గానీ మనసు ఒప్పలేదు. నీళ్ళు వీధిలోకి వెళ్తున్నమాట నిజం. పైకి ఉబికి రాలేదు, వస్తే ఎవరో ఒకరు జారిపడేవాళ్ళు. పైకి రాలేదంటే కిందికి పోతున్నాయి. కిందికి పోయే నీళ్ళు ఊరికే పోవు, మట్టిని కూడా తోడుకుపోతాయి. మరి ఆ మట్టి ఎక్కడిది? ఏ ఇంటి కిందది? ఆ ప్రశ్న ఆమెను అన్నం తిననివ్వలేదు.

వడపోత మార్చే నెపంతో ఒక మధ్యాహ్నం లాండ్రీకి వెళ్ళింది. పనివాళ్ళు బయట నీడలో భోజనాలు చేస్తున్నారు. లోపల యంత్రాలు గిరగిరా తిరుగుతున్నాయి. ఇస్త్రీ గది తలుపు తీయబోతే నేలకు రాసుకుని సగంలో ఆగిపోయింది.

"ఆవిరికి చెక్క ఉబ్బిందిలే, గట్టిగా తొయ్యి" అన్నాడు బావ.

తోసింది. కానీ తలుపుకూ ద్వారబంధం పై కమ్మికీ మధ్య వేలు పట్టేంత సందు ఉంది. ఉబ్బిన తలుపైతే పైన కూడా బిగుసుకోవాలి కదా. గోడేమైనా ఒరుగుతోందా? ఆమె అలా చూస్తూ ఉండగానే కరెంటు పోయింది.

యంత్రాలు ఒక్కొక్కటే నీరసంగా ఆగాయి. వెనకమూల పంపు కూడా ఆగింది. అంత చప్పుడు తర్వాత వచ్చిన నిశ్శబ్దం చెవిలో దూది పెట్టినట్టుంది. ఆమె సంచీతోపాటు తెచ్చుకున్న కడ్డీని నేలకు ఆనించి, హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

ఈల కాదది, రొద కాదు. వాగు పారుతున్న చప్పుడు. సరిగ్గా వాళ్ళ కాళ్ళ కింద.

కరెంటు వచ్చింది. పంపు మూలిగింది. ఆ మూలుగు గొట్టం పట్టుకుని వీధంతా పాకింది, వాగు చప్పుడు దాని చాటున మాయమైపోయింది. అప్పుడు అర్థమైంది ఆమెకు. చెప్పుల దుకాణం ముందు తను విన్నది లీకును కాదు, తను బిగించిన పంపునే. ఇన్నాళ్ళూ దాని చప్పుడే అసలు లీకును కప్పిపెట్టింది.

"బావా, అన్నీ ఆపెయ్. అందర్నీ బయటికి పంపు."

బావ నవ్వాడు. "ఏమిటే, మళ్ళీ మొదలెట్టావా? సాయంత్రానికి ఆసుపత్రి దుప్పట్లు ఇవ్వాలి."

"నేల కింద ఏమీ లేదు బావా. డొల్లగా ఉంది. నీళ్ళు మట్టిని కోసుకుపోతున్నాయి."

"మొన్న చెప్పుల కొట్టు ముందు కూడా ఇలాగే ఒట్టేసి చెప్పావు." నవ్వు పోయింది ఆయన మొహంలోంచి. "నీ మాట నమ్మి వాళ్ళు తవ్వారు. వీధి వీధంతా నన్ను చూసి నవ్వింది. ఇప్పుడు నీ మాట నమ్మి నా కొట్టు మూసుకోనా?"

ఒకసారి పొరబడిన మనిషి రెండోసారి నిజం చెప్పినా గొంతు పలచబడే ఉంటుంది. హెడ్‌ఫోన్లు ఆయన చేతిలో పెట్టి, ఆమె పరిగెత్తుకెళ్ళి పంపు స్విచ్ కట్టేసింది. "ఉతుకు యంత్రాలు కూడా ఒక్క నిమిషం ఆపి విను. అంతే. ఆ తర్వాత నీ ఇష్టం."

బావ పళ్ళు నూరుతూనే యంత్రాలు ఆపాడు. విన్నాడు. కాసేపటికి హెడ్‌ఫోన్లు మెల్లగా తీసి, తను నిలబడ్డ గచ్చును చూసి, ఒక కాలు తీసి ఇంకోచోట వేశాడు. ఎక్కడ వెయ్యాలో తెలియని మనిషిలా.

"అమ్మ పైన ఉంది" అన్నాడు.

పై అంతస్తులోనే వాళ్ళ కాపురం. బావ తల్లికి తుంటి ఎముక విరిగి మంచంలో ఉంది. మెట్లు లాండ్రీ మధ్యలోంచే దిగాలి. ఆమె పైకి పరిగెత్తి ఒక్క ముక్కలో చెప్పేసరికి అక్క పొయ్యి ఆపి కుర్చీ లాక్కొచ్చింది.

పెద్దావిడ మాత్రం మంచం పట్టెను వదల్లేదు. "లీకైతే బకెట్టు పెట్టండి. నన్నెందుకు ఊరేగిస్తారు?"

"అత్తయ్యా, మీరు తర్వాత నన్ను ఎంతైనా తిట్టండి. ఇప్పుడు మాత్రం చెయ్యి వదలండి" అంది అక్క. మామూలుగా అత్తగారి ముందు గొంతెత్తని మనిషి. పెద్దావిడ బిత్తరపోయి చెయ్యి వదిలేసింది.

ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు పనివాళ్ళు ఎత్తుకుని దించారు. "మెల్లగా, గోడ పక్కనుంచి" అంటూ ఆమె ముందు నడిచింది. అడుగు పడినప్పుడల్లా గచ్చు ఏమంటుందోనని కుడిచెవి ఒగ్గింది.

బయటికి వచ్చి ఆమె ఫోను చేస్తే ఇంజనీరు వచ్చాడు. మొహం మాడ్చుకునే వచ్చాడు. "ఈ వీధి వాల్వు కట్టేస్తే చివరున్న ఆసుపత్రికి నీళ్ళు ఆగిపోతాయి. మీరు విన్నారని కట్టెయ్యమంటారా?"

"నేను విన్నానని కాదు. మీరే వినండి."

గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని విన్నాడు. లేస్తూనే జేబులోంచి ఫోను తీశాడు. ఆసుపత్రికి ఫోను చేసి తొట్లు ఎంతవరకు నిండి ఉన్నాయో కనుక్కుని, మనుషుల్ని వాల్వు దగ్గరికి ఉరికించాడు. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోని వాల్వు అది. తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఇద్దరు వేలాడినా కదలనంటోంది.

"బాయిలరు!" అన్నాడు బావ ఉన్నట్టుండి. ఇస్త్రీ గదికి ఆవిరి పంపే ఆ బాయిలరు ఇంకా మండుతూనే ఉంది. మండుతున్న బాయిలరు నేలతోపాటు కుంగితే ఏమవుతుందో అక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఎవరో పట్టుకోబోయేలోగా ఆయన లోపలికి దూసుకెళ్ళాడు.

ఆమె గుమ్మంలో నిలబడి కడ్డీ ఆనించింది. చప్పుడు మారింది. పారుతున్నట్టు కాదు, ముద్దలు ముద్దలుగా ఏదో నీళ్ళలో పడుతున్నట్టు.

"బావా, వచ్చెయ్! గోడ పక్కనుంచి రా!"

ఆయన మంట ఆర్పి వెనక్కి తిరిగాడు. అదే సమయంలో ఆమెకు ఎడమపక్క గోడ మీద పగులు పైనుంచి కిందికి పెటపెటలాడుతూ దిగింది. అందరికీ వినపడింది, ఆమెకు తప్ప. అక్క వచ్చి జడ పట్టుకుని ఒక్క గుంజు గుంజితే వీధిలో వెల్లకిలా పడింది. ఆమె పైనుంచి దాటుకుంటూ బావ బయటపడ్డాడు. ఆయన వెనకాలే లాండ్రీ మధ్యభాగం, పెద్ద యంత్రాలు రెండు, దుప్పట్ల కట్టలు, వడపోత తొట్టి, అన్నీ మెత్తగా, తొందరేమీ లేనట్టుగా కిందికి దిగిపోయాయి. కాసేపటికి పై అంతస్తు ఒక పక్కకు ఒరిగి ఆగింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. వాల్వు ఆ తర్వాత కదిలింది.

నీళ్ళు ఇంకాక చూస్తే గొట్టం అతుకు దగ్గర విడిపోయి గాలిలో వేలాడుతోంది. దాని కింద ఎవరికీ గుర్తులేని పాత ఇటుకల కాలువ, పైకప్పు విరిగి నోరు తెరుచుకుని ఉంది. మట్టంతా అందులోకే పోయింది.

బావ ఆ గోతి అంచున నిలబడ్డాడు. ఆమె ఇంజనీరుకు చెప్పింది విన్నట్టున్నాడు, ఒక్కటే అడిగాడు. "నీ పంపు చప్పుడే దాన్ని కప్పేసిందటగా?"

"అవును బావా."

ఆయన తల తిప్పుకుని వెళ్ళిపోయాడు. తిడితే బాగుండుననిపించింది ఆమెకు.

పురపాలక సమావేశానికి ముందు ప్రొఫెసర్ మెత్తగా చెప్పి చూశాడు. "పరిసరాల చప్పుడు అడ్డొచ్చింది అంటే సరిపోతుందమ్మా. పంపు అనక్కర్లేదు." ఆమె పంపు అనే చెప్పింది. హాల్లో గుసగుసలు లేచాయి. అలాంటప్పుడు మిమ్మల్ని ఎలా నమ్మమంటారని ఒక సభ్యుడు నిలదీశాడు. ఆమె నోరు తెరవకముందే వెనక వరసలోంచి ఇంజనీరు లేచాడు.

"పంపులు ఆపి వింటే చాలు. ఇన్నాళ్ళూ మేం అసలు వినలేదు. ఆ మాట కూడా రాసుకోండి."

చెరువు గొట్టం పూర్తిగా ఆగలేదు, వాయిదా పడింది. ఆ గడువులోగా ఊరంతా విని బాగుచెయ్యాలని తీర్మానించారు. లాండ్రీ వీధిలో లీకు పోయాక చివరి ఇళ్ళకు కూడా ధార నిండుగా వచ్చింది. చెప్పుల దుకాణం ఆయన ఒకరోజు ఆమెను పిలిచి మంచినీళ్ళిచ్చాడు.

బావ వాళ్ళు అద్దె ఇంట్లోకి మారారు. ఆయన ఇంకొకరి లాండ్రీలో పనికి కుదిరాడు. ఆమె వెళ్తే పలకరించి బయటికి వెళ్ళిపోయేవాడు. "ఆయనకు నీ మీద కోపం కాదే. నీ పంపు చూసి మురిసిపోయాడు చూడు, ఆ మురిపెం మీద కోపం" అనేది అక్క. అది ఓదార్పో నిజమో ఆమెకు తెలిసేది కాదు. ఏ వీధిలో కడ్డీ ఆనించినా ముందు చుట్టుపక్కల పంపులన్నీ ఆపించేది. ఆ తర్వాత కూడా రెండుసార్లు వినేది. కొత్తగా చేరినవాళ్ళు విసుక్కునేవాళ్ళు.

చాలా నెలల తర్వాత ఒక ఉదయం బావ తనే ఫోను చేశాడు.

"ఒక షెడ్డు దొరికింది. బ్యాంకువాళ్ళు ఒప్పుకున్నారు. సంతకం పెట్టేముందు నువ్వొచ్చి నేల వినాలి."

వెళ్ళింది. ఖాళీ షెడ్డు, కొత్త గచ్చు. పక్క దుకాణం మోటారును బావ ముందే ఆపించి ఉంచాడు. ఆమె ఈ మూలనుంచి ఆ మూలదాకా విన్నది. ఏమీ వినపడలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు ఆయన, ఆమె కుడిపక్కకు వచ్చి నిలబడి.

"బాగానే ఉన్నట్టుంది. కానీ ఇంకోసారి వింటా బావా."

"విను" అన్నాడు బావ. తిరగేసి ఉన్న బకెట్టు ఒకటి లాక్కుని దానిమీద కూర్చున్నాడు. "తొందరేం లేదు. వడపోత తొట్టి ఎక్కడ పెట్టాలో కూడా చూసి చెప్పు."