మనపువ్వు పిండికి మా బావ చెప్పని కొలత

మా బావ పోయాడు. ఆదివారం పొద్దున్న పిండి కలిపి, గిన్నె మీద తడిగుడ్డ కప్పి, "ఇది పొంగేదాకా అలా కూకుంటాను" అని మా చెల్లితో చెప్పి, వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. మరి లేవలేదు. మా చెల్లి ఫోన్ చేసి, "అన్నయ్యా, ఆయన పలకట్లేదు, నువ్వు రా" అంది. గాజువాకలో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య రెండు వీధులే. చెప్పులు కూడా లేకుండా ఎళ్ళాను. నానెళ్ళేసరికే చెయ్యి చల్లబడిపోయింది. గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు.

సాయంత్రం అంతా అయిపోయి స్నానాలు చేసి ఇంట్లోకొచ్చాక వంటింట్లోకి తొంగి చూశాను. పిండి పొంగి, గుడ్డని పైకి లేపీసి, గిన్నె దాటి గట్టు మీదకి కారిపోయి ఉంది. పుల్లటి వాసన. అప్పటిదాకా అందరూ ఏడుస్తుంటే నాను ఏడవలేదు, అప్పుడూ ఏడవలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీదు. ఆ పిండంతా గోకి తీసి పెరట్లో గొయ్యి తవ్వి కప్పెట్టీసాను.

మన పింఛనుదార్ల సంఘం పుస్తకంలో బావ గురించి నాలుగు ముక్కలు రాయమని మనవాళ్ళు అడిగారు. నాను చదివింది మూడో తరగతి. ఆ తరవాతంతా పోర్టులో కళాసీ పని. మాట ఎలా వస్తే అలా రాస్తాను. దిద్దొద్దు. దిద్దితే ఆయన పంతులుగారి బావ అయిపోతాడు, మా బావ అవ్వడు.

బావ అంటే నా చెల్లి మొగుడు. ఇద్దరిదీ ఒకే ఈడు కాబట్టి నన్నూ ఆయన బావా అనే పిలిచేవాడు. సరుకు ఓడల్లో కుక్. నానిక్కడ రేవులో ఓడ కింద నిలబడి సరుకు ఎక్కిస్తే, ఆయన ఓడలో నిలబడి అందరికీ కూర వండేవాడు. "నువ్వు ఓడ కడుపు నింపు బావా, నాను ఓడలోవోళ్ళ కడుపు నింపుతాను" అనేవాడు.

ఒక ప్రయాణంలో హవాయి దీవుల్లో ఆగారట. రేవు గేటు బయట ఒక ముసలాయన బండిలో ఆవిరి మీద ఉడికించిన బన్నులు అమ్ముతున్నాడట. తెల్లగా, అరచెయ్యంత, లోపల కూర. బావ అవి తిని ఊరుకునే రకం కాదు. ఓడ కదిలేదాకా రోజూ ఎళ్ళి ఆ ముసలాయన పక్కన నిలబడి చూసి నేర్చుకున్నాడు. సెలవుకి ఇంటికొచ్చి ఇడ్లీ పాత్రలో చేసి మా ముందు పెట్టాడు.

"ఏటిది బావా?" అన్నాను.

"మనపువా."

నాకు 'మన పువ్వా?' అని వినబడింది. చూస్తే తెల్లగా ఉబ్బి పువ్వులాగే ఉంది. "ఔను, మన పువ్వే. మంచి పేరు పెట్టావు" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, పగలబడి నవ్వి, "సర్లే, అలాగే అను" అన్నాడు. అప్పట్నుంచి మా రెండిళ్ళలో దాని పేరు మనపువ్వు. పొట్టిగా పువ్వు. మా పెళ్ళిళ్ళకి వచ్చిన చుట్టాలు కూడా "ఈసారి పువ్వులు లేవేటి?" అని అడిగేవారు.

చాన్నాళ్ళకి మా మేనకోడలు, అదే బావ కూతురు, మధురవాడలో కంప్యూటరు ఉద్యోగం చేస్తాది, ఒక ఆదివారం ఫోన్లో చూసి, "నాన్నా, ఆ దీవులోళ్ళ మాటలో ఇది పంది మాంసం పెట్టిన తినుబండారం అట కదా?" అంది. మా ఆవిడ నోట్లో ముద్ద నోట్లోనే ఆగిపోయింది. "ఓలమ్మో! ఇన్నాళ్ళూ మాకు పందిని తినిపించీసినావేటి అన్నయ్యా?" అని లేచింది.

బావ కదల్లేదు. "అక్కడ పంది, ఇక్కడ పనస. నోట్లో పువ్వెట్టుకుని పేర్లడుగుతావేటమ్మా? నవులు" అన్నాడు.

నిజంగా అది పనసపొట్టు. ఆవ పెట్టి చేసేవాడు. ఒకసారి ఎండురొయ్యలు ఉల్లికారంలో వేయించి పెట్టేవాడు. ఒకసారి కోడిని సన్నగా తరిగి, ఎండుమిరపకాయా అనకాపల్లి బెల్లమూ వేసి ఎర్రగా దగ్గరపడేదాకా ఉంచేవాడు. ఆ ముసలాయన కూర రంగు అదేనట. పిల్లలకి కొబ్బరీ బెల్లమూ. ఫిషింగ్ హార్బరులో వంజరం చవగ్గా దొరికిన రోజున వంజరం. అన్నీ కలిపి ఒకే పళ్ళెంలో పెట్టేవాడు. పైనుంచి చూస్తే అన్నీ ఒకలాగే ఉంటాయి. "కడుపులో ఏటున్నాదో ముందు సెప్పకూడదు, కొరికినోడికే తెలియాల" అనేవాడు.

నాకు వంకాయ పడదు. ఆయనకి తెలుసు. ప్రతి ఆదివారం నాకు వంకాయే వచ్చేది. పళ్ళెం తిప్పి వేరేది తీసుకుంటే అందులోనూ వంకాయే. మా చెల్లిది లాక్కుని తింటే దాంట్లో రొయ్యలుండేవి. ఎలా గుర్తుపట్టేవాడో ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. అదీ చెప్పలేదు, ఏదీ చెప్పలేదు. ఆ మనిషితో నాకున్న తగువు అదే.

నాకు పని నేర్చుకోవడం అంటే ఇష్టం. కొలత చెప్తే ఏ పనైనా చేస్తాను. అందుకని ఒకరోజు వంటింట్లో పీట వేసుకుని కూర్చుని అడిగాను.

"నీళ్ళు ఎన్ని పొయ్యాల బావా?"

"పిండి అడిగినన్ని."

"ఎంతసేపు పిసకాల?"

"సెవి తమ్మె అంత మెత్తగయ్యేదాకా."

"ఎవడి సెవి?"

"ఎవడి సెవేటి బావా, దగ్గిరున్న సెవి" అని నవ్వుకుంటూ పిండి బల్ల మీద కొట్టాడు.

ఇది జవాబా? పోర్టులో క్రేను కింద నిలబడి 'ఎంత దించాల' అంటే 'దించాల్సినంత' అని నానంటే మనుషులు చచ్చిపోతారు. ఆ మాటే అన్నాను. "పువ్వు మీద పడితే ఎవడూ సావడులే" అన్నాడు. అంతటితో అయిపోయింది నా చదువు.

ఒకటి ఒప్పుకోవాలి. చేస్తున్నప్పుడు ఆయన్ని చూడ్డం బాగుండేది. పిండి ఉండని నడుమ మందంగా, అంచులు పల్చగా ఒత్తి, కూర పెట్టి, చీర కుచ్చిళ్ళలా మడతలు పెట్టుకుంటూ బొటనవేలు చుట్టూ తిప్పీసేవాడు. మడతలు అడుక్కి పెట్టి, అరిటాకు ముక్క మీద కూర్చోబెట్టేవాడు. ఆకుని ముందు తడిగుడ్డతో తుడిచేవాడు. మా వైపు బొగ్గు మసికి ఏ ఆకు తుడిచినా గుడ్డ నల్లబడతాది, మీకు తెలిసిందే. పొయ్యి ఆపాక మూత తియ్యనిచ్చేవాడు కాదు. "ఇప్పుడు తీసావంటే అలిగి కూకుండిపోద్ది" అనేవాడు.

పెద్దకర్మ అయిపోయింది. చుట్టాలు ఎళ్ళిపోయారు. అప్పట్నుంచి మా చెల్లి తినడం మానీసింది. షుగరు మనిషి. మాత్ర వేసుకుని తినకపోతే కళ్ళు తిరుగుతాయి. ఒకరోజు కుళాయి దగ్గర పడిపోయింది. మా ఆవిడ క్యారేజీ కట్టి పంపిస్తే ఎలా ఎళ్ళిందో అలాగే తిరిగొచ్చేది. డాక్టరు మా మేనకోడల్ని పక్కకి పిలిచి, ఇలాగే ఉంటే ఆసుపత్రిలో పెట్టాలన్నాడు.

"ఎందుకు తినవే?" అని కేకలేశాను.

"సయించట్లేదన్నయ్యా."

"ఏటైతే సయిస్తాది? సెప్పు, తెస్తాను."

గోడకేసి తిరిగి, "ఆయన సేసిన పువ్వయితే తిందును" అంది. అనీసి, అనకూడని మాట అన్నట్టు కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

మేనకోడలు పెద్ద హోటల్లోంచి అలాంటి బన్నులు తెప్పించింది. మా చెల్లి ఒక్క ముక్క కొరికి పక్కన పెట్టీసింది. "దూదికి పంచదార రాసినట్టున్నాది" అంది. ఇంక నాకు రోషం వచ్చింది. "నాను సేత్తాను" అన్నాను. మా ఆవిడ, "టీ పెట్టడం రాదు, పువ్వులు పూయిస్తాడట" అంది. మేనకోడలు, "మావయ్యా, మైదా షుగరుకి మంచిది కాదు" అంది. "ఖాళీ కడుపు కంటే మంచిదే" అన్నాను.

బావ వంటింట్లోనే మొదలెట్టాను. మొదటిసారి నీళ్ళు బాగా మరిగించి ఈస్టులో పోశాను, వేడయితే బాగా పొంగుతాదని. సాయంత్రం దాకా కూర్చున్నా పిండి ఇంచి కదల్లేదు. ఈస్టు చచ్చిపోయిందట. చచ్చిపోతాదని ఎవడు చెప్పాడు నాకు?

మర్నాడు గోరువెచ్చని నీళ్ళు. చెవి మాట గుర్తు పెట్టుకుని, ఒక చేత్తో పిండి పిసుకుతా, ఒక చేత్తో నా చెవి పట్టుకుని చూశాను. రెండూ ఒకలా అయ్యాక ఆపాను. ఉడికాక అవి పువ్వులు కావు, తూకం రాళ్ళు. ఇంకోరోజు మళ్ళీ అదే చెవి, మళ్ళీ అవే రాళ్ళు. పిండి తప్పనుకుని వేరే కొట్లో కొన్నాను. పాత్ర తప్పనుకుని మా ఇంటి పాత్ర తెచ్చాను. గోడ మీద బావ ఫొటో నవ్వుతూ ఉంటే ఒళ్ళు మండిపోయింది. "నవ్వు బావా, నవ్వు. నోటిమాట ఖర్చవుతాదని దాచుకుని పట్టుకుపోయావు. ఇక్కడ నీ పెళ్ళాం ఎండిపోతంది" అని పైకే తిట్టీసాను. పిండి ముద్ద తీసి గట్టు మీద ఎత్తి కొట్టాను. గిన్నె కిందపడి మోగింది.

ఆ చప్పుడుకి మా చెల్లి మంచం మీంచి లేచి, గోడ పట్టుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఎవర్ని తిడుతున్నావన్నయ్యా?"

"నీ మొగుణ్ణి. చెవి తమ్మె అంత మెత్తన అన్నాడు. అంతే చేశాను. చూడు, గోడకి కొడితే గోడ పగులుతాది."

"ఎవరి సెవి సూసావు?"

"నా చెవి. ఇంకెవరి చెవుంది ఇక్కడ?"

నా చెవికేసి చూసింది. ఎండలో నలభై ఏళ్ళు మాడి, బస్తాల రాపిడికి మొద్దుబారి, తోలు ముక్కలా ఉంటాది నా చెవి. చూసి నవ్వింది. ఆయన పోయాక ఆ మనిషి నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే కళ్ళంట నీళ్ళు కారిపోయాయి.

"ఆయన సూసింది నా సెవి అన్నయ్యా. పిండి పిసుకుతా నన్ను కేకేసేవోరు. ఏటో అని పరిగెట్టుకెళ్తే, పిండి సేత్తోనే నా సెవి పట్టుకుని, ఇంకా కొంచెం నీళ్ళు కావాల అని పంపీసేవోరు. మళ్ళీ కేకేసేవోరు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేటే?"

"అన్నకి సెప్పే మాటేటి అది?" అని తల దించుకుంది.

నాలుగు రోజుల మైదా పెరట్లో గోతిలో పోశాను. ఈ ఒక్క ముక్క ఎవరో ఒకరు చెప్పుంటే సరిపోయేది. బావ సిగ్గుపడి చెప్పలేదు, చెల్లి సిగ్గుపడి చెప్పలేదు. మధ్యలో నాను రాళ్ళు వండుకుంటూ కూర్చున్నాను.

చెల్లి పీట మీద కూర్చుని తల పక్కకి వంచింది. "ముట్టుకుని సూడు" అంది. చిన్నప్పుడు చెవులు కుట్టిస్తుంటే ఏడవకుండా దాన్ని ఒళ్ళో పట్టుకున్నది నానే. ఆ తరవాత మళ్ళీ ఇప్పుడు ముట్టుకున్నాను. ఇంత మెత్తగా ఉంటాదని నాకేం తెలుసు? గిన్నెలో నీళ్ళు పోశాను. పిసికాను. మళ్ళీ ముట్టుకున్నాను. "ఇంకా" అంది కళ్ళు మూసుకుని. మళ్ళీ పోశాను.

ఎండురొయ్యలు వేయించాను. మడతలు నాకు రావు. మూట కట్టినట్టు కట్టాను. ఉడికాక చూస్తే కొన్ని నోరు తెరుచుకున్నాయి, ఒకటి పక్కకి ఒరిగిపోయి కారం బయటికి కక్కింది. బావ పువ్వు కాదది. ఆయన చూసుంటే వారం రోజులు ఏడిపించేవాడు. మా చెల్లి పళ్ళెం అటూ ఇటూ తిప్పి, "పువ్వులు కావన్నయ్యా, కాలితో తొక్కిన మొగ్గలు" అంది. నాకు కోపం వచ్చింది. తింటే తిను, లేకపోతే మానీయి అనబోయి ఊరుకున్నాను.

పళ్ళెం తీసుకుని వీధి గుమ్మంలో కూర్చుంది. ఒకటి చేతిలోకి తీసుకుని అడుగున ఆకు ముక్కని మెల్లిగా ఊడదీసింది. ఆకు గీతలు తెల్లటి పిండి మీద అచ్చు దిగాయి. వాటిని వేలితో తడిమింది. తినే మనిషిని చూస్తూ నిలబడకూడదని నాను వంటింట్లోకి ఎళ్ళి గట్టు తుడుచుకున్నాను. ఆ ఎండిన పిండి ఓపట్టాన ఊడదు. గోకి గోకి గోళ్ళు నొప్పెట్టాయి. తిరిగొచ్చేసరికి మా చెల్లి ఇంకా గుమ్మంలోనే ఉంది. ఆకు ముక్కలు ఒకదాని మీద ఒకటి మోకాలి మీద పేర్చుకుని, గాలికి ఎగిరిపోకుండా బొటనవేలితో నొక్కిపట్టి, రెండో చేతిలో ఇంకొకటి పట్టుకుని ఊదుకుంటంది.