మంచినీళ్లు అడిగితే

మా పెద్దదానికి పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వచ్చాక వాటి మీద గోధుమరంగు గీతలు తేలాయి. బొగ్గుపొడితో తోమాను, ఉప్పుతో తోమాను, నిమ్మచెక్కతో రుద్దాను. చిగుళ్లు మండి పిల్ల ఏడ్చింది గానీ గీతలు పోలేదు. హిందూపురం పళ్ల డాక్టరు చూసి, ఇవి తోమితే పోయేవి కావమ్మా, తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుంటే పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే చెడిపోతుంది, ముందు నీళ్లు పరీక్ష చేయించుకోండి అన్నాడు. ఆయన చెప్తున్నంతసేపూ నా చంకలో రెండోది ఉంది. దానికప్పుడు ఇంకా రెండేళ్లు నిండలేదు. దాని కొత్త పళ్లు ఇంకా చిగురు లోపలే ఉన్నాయి.

అదీ నా భయం. తొంభైల చివర్లో పట్టుకున్న ఆ భయం ఏళ్ల తరబడి నన్ను వదల్లేదు.

మాది పరిగి దగ్గర పల్లె. ఊరి బడిలో నేను టీచర్ని. మా ఆయన ధర్మవరంలో పట్టుచీరల అంగట్లో గుమస్తా, ఆదివారం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్లిపోయేవాడు. ఇంట్లో నేను, పిల్లలు, మా అత్త. ఊరంతా తాగేది బడి పక్కన చేతిబోరు నీళ్లే. డాక్టరు మాట విన్న మర్నాడు బడిలో పిల్లల్ని వరసగా నిలబెట్టి పళ్లు చూపించమన్నాను. ఏ నోరు చూసినా అవే గీతలు.

పెనుకొండలో నీళ్లు పరీక్ష చేసే చిన్న ల్యాబు ఉందని ఎవరో చెబితే, సెలవు పెట్టి సీసాలో బోరు నీళ్లు పట్టుకుని పోయాను. ల్యాబులో ఉన్నాయన మర్యాదస్తుడు, కుర్చీ వేశాడు. కానీ పరీక్షకు కావలసిన మందులు అయిపోయాయట, కొనడానికి పైనుంచి డబ్బు రావడం లేదట. ఏదో ప్రాజెక్టు కింద నిధులు వస్తాయంటున్నారు, వస్తే మేమే జీపులో ఊరూరికీ వస్తాం అని మా ఊరి పేరు రాసుకున్నాడు. పట్టుకుపోయిన సీసాను మళ్లీ ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. పిల్లకు ఇవ్వాళ ఏ నీళ్లు తాగించాలి అన్నదానికి మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు.

నిధులు వచ్చాయి, జీపూ వచ్చింది. నా ఖర్మ కొద్దీ నేను ఆ రోజు హిందూపురంలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. సాయంత్రం ఇంటికి రాగానే, నీళ్లోళ్లు వచ్చినారు, సీసా నిండా పట్టిచ్చి పంపితిని అని మా అత్త చెప్పింది. అమ్మయ్య అనుకున్నాను. చాలా రోజుల తర్వాత కడుపు నిండా తిన్నాను.

వానలు పోయాక ఫలితం వచ్చింది. మా ఊరి నీళ్లు భేషుగ్గా ఉన్నాయట. రచ్చబండ దగ్గర నన్ను ఆటపట్టించనివాళ్లు లేరు. మా నీళ్లకు వంక పెడితివే టీచరమ్మా అని నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఉన్నాను గానీ లోపల ఏదో పీకుతోంది. నీళ్లు బాగుంటే ఈ పళ్లేంటి? ఇంటికొచ్చి మా అత్తను అడిగాను, ఆ రోజు ఏ నీళ్లు పట్టిచ్చావని.

ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల కూడా ఎత్తలేదు. "మంచినీళ్లు పట్టియ్యమ్మా అనిరి. తోట బావికి పోయి తెచ్చిస్తి. అంత దూరం నుంచి వచ్చినోళ్లకి బోరు నీళ్లు ఇస్తామా యాడన్నా?"

మా వైపు ఇంటికి ఎవరొచ్చినా, దూరమైనా సరే, తియ్యగా ఉండే తోట బావి నీళ్లే ఇస్తారు. ఎంత ఎండైనా ఒకరు బిందె తీసుకుని పోవాల్సిందే. చుట్టానికి బోరు నీళ్లిస్తే ఊళ్లో తలెత్తుకోలేం. జీపులో వచ్చినవాళ్లకు మంచినీళ్లంటే ఊరు తాగే నీళ్లు. మా అత్తకు మంచినీళ్లంటే మంచి నీళ్లే. ఎవరిని తిట్టను? ఆమెనా? మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, సీసా అందుకుని పోయినవాళ్లనా? కనిపిస్తున్న బోరు దాకా నడిస్తే వాళ్ల కాళ్లేమన్నా అరిగిపోతాయా? ఆ కోపమంతా మా అత్త మీదే చూపించాను. ఆమెకు తన తప్పేమిటో చాలాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేటను అక్కడే వదిలేసి దొడ్లోకి పోయి కూర్చుంది.

మళ్లీ పెనుకొండకు పరుగెత్తాను. జరిగింది చెబితే ల్యాబు ఆయన తల పట్టుకున్నాడు. "ఊరికి ఒక్కసారికే దుడ్లు ఇచ్చినారమ్మా. ఆ ప్రాజెక్టు అయిపాయ. బాగలేని ఊర్లకే మళ్లా వస్తారు. మీది బాగుండాదని పైకి పోయినాది." మీరే ఏదో ఒకటి చేయండి అని బతిమాలాను. మందుల్లేనిదే నేను మాత్రం ఏం చేసేది అన్నాడు. నిజమే, ఆయన మాత్రం ఏం చేస్తాడు!

ఆ తర్వాత రోజూ బడికి ముందు నేనే తోట బావికి పోయి చిన్నదాని కోసం బిందె తెచ్చేదాన్ని. ఎండాకాలం వస్తే బావి అడుగంటేది. అప్పుడు బోరు నీళ్లే గతి. పక్కింట్లో చిన్నది గ్లాసెత్తితే పరుగున పోయి లాక్కునేదాన్ని. ఆ ఇంటామెకు కోపమొచ్చి నాతో మాట్లాడటం మానేసింది. ధర్మవరం వచ్చేయండి అని మా ఆయన వారం వారం పోరేవాడు. బదిలీకి పెట్టుకున్నాను, రాలేదు.

మూడు నాలుగేళ్లకు నిధులు మళ్లీ వచ్చాయి. ఈసారి జీపు ఆగగానే మా అత్త వాళ్లను అరుగెక్కనివ్వలేదు. తిన్నగా బోరు దగ్గరికి తీసుకుపోయి, నొప్పి మోకాళ్లతోనే తానే కొట్టి సీసా నింపించింది. ఈ నీళ్లు తాగడానికి పనికిరావని ఫలితం వచ్చింది. బోరుకు ఎర్ర రంగు పూశారు.

అప్పటికి చిన్నది ఒకటో తరగతి. ఆ నెలలోనే దానికి పై వరస ముందు పన్ను వచ్చింది. పొద్దున పూట ఎండలోకి తీసుకుపోయి పెదవి ఎత్తి చూశాను. పన్ను మీద సున్నం చల్లినట్టు తెల్లటి మచ్చలు. పెద్దదానికీ మొదట ఇవే వచ్చాయి. గడప దగ్గర నుంచి మా అత్త ఎట్లుందని అడిగింది. బాగుందత్తా అన్నాను.

ఆమె లేచి వచ్చింది. మనవరాలి గడ్డం పట్టుకుని, చూపు ఆనకపోవడంతో మొహం దగ్గరగా పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నువ్వూ నా మాదిరే చేస్తివి గదమ్మా. చెడ్డది దాచిపెట్టి మంచిదే ఇస్తివి."

పిల్ల మా ఇద్దరి మొహాలూ చూసి నోరు మూసుకుంది.